లగ్నమే ఒకటి

“అంత ఎత్తునుంచి పడితే ఇంక మిగిలేదేముంటుంది?” అన్నాను, అమ్మాయి ఇంకా చెప్పులైనా విప్పకముందే.

దాని చేతిలో పసుపుపచ్చ హెల్మెట్ ఉంది. టవర్ క్రేన్ నడిపే శిక్షణ పూర్తయింది, సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు. ఆ మాట చెప్పడానికే నవ్వుకుంటూ వచ్చింది.

“పడితే కదమ్మా,” అంది.

అక్కడితో నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోవడం నా వల్ల కాదు. దానికి జ్వరమొస్తే ఆసుపత్రి మంచం దాకా, ఫోన్ ఎత్తకపోతే పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళిపోతుంది నా మనసు. జాతకాలు చెప్పేవాళ్ళ గుమ్మాలు తొక్కి తొక్కి అలిసిపోయాను. ఒకరు ఔనన్నది ఇంకొకరు కాదనేవారు. చదివింది ఏడో తరగతే అయినా, నేనే నేర్చుకుంటే పీడా పోతుందని వెనకవీధి లెక్కల టీచరమ్మ దగ్గర చేరాను. బడి నుంచి రిటైరయ్యాక ఆవిడ పాతపద్ధతిలో జాతకం చూడటం నేర్పుతోంది.

ఆవిడ దగ్గర చెప్పడం కంటే నోరు మూసుకోవడమే ఎక్కువ. ఏ సంగతికైనా ముగ్గుర్ని అడగాలి: జాతకచక్రంలో దానికి చెందిన ఇంటిని, ఆ ఇంటి అధిపతిని, ఆ సంగతికి కారకుడైన గ్రహాన్ని. ముగ్గురూ ఒకే మాటంటేనే పెదవి విప్పాలి. ఇంకో నియమమూ ఉంది. నేర్చుకుంటున్నన్నాళ్ళూ సొంతపిల్లల జాతకం ముట్టుకోకూడదు.

ఆ మధ్యాహ్నమే ముట్టుకున్నాను. వేలు పెట్టి లెక్కించాను. ఎనిమిదో ఇల్లు, ఆయుష్షుది. అందులో కుజుడు, అదీ బలం పోయి నీచలో. వెళ్ళి దానితో చెప్పేశాను, నీ జాతకంలో ప్రమాదం ఉంది, ఆ పనికి పోవద్దని.

అది హెల్మెట్‌ను మేకుకి తగిలించి గదిలోకి పోయింది. అప్పటినుంచి నాతో మాట లేదు. అన్నం దగ్గర ఉప్పు కావాలన్నా వాళ్ళ నాన్ననే అడుగుతుంది.

“మధ్యలో నన్ను పోస్ట్‌మాన్‌ని చేశారు,” అన్నాడు మా ఆయన, కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండానే. “జీతమైనా ఇప్పించండి తల్లీ.”

ఆదివారం సాయంత్రం ఇక ఉండబట్టక టీచరమ్మ దగ్గరికెళ్ళి చేసిందంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. పలక నా ముందుకు తోసింది.

“గళ్ళు గీసి లెక్కపెట్టు. పైకి వినపడేలా.”

“వృశ్చిక లగ్నమండీ. ధనుస్సు ఒకటి, మకరం రెండు...”

“ఆగు. లగ్నాన్ని ఎక్కడ వదిలేశావ్?”

లగ్నమే ఒకటి. లెక్క అక్కడే మొదలవ్వాలి, అన్నిటికంటే ముందు నేర్పిన పాఠమది. మళ్ళీ లెక్కిస్తే ఎనిమిది మిథునం దగ్గర ఆగింది. ఖాళీ ఇల్లు. కుజుడున్నది తొమ్మిదిలో.

“తొమ్మిదంటే తండ్రి కదండీ,” అన్నాను గబుక్కున. “కొంపదీసి ఆయనకేమైనా...”

“నీకు భయపడటానికి ఎవరో ఒకరు కావాలే అమ్మాయ్,” అంది ఆవిడ, కళ్ళజోడు తుడుచుకుంటూ. “ముందు మొదలుపెట్టింది పూర్తి చెయ్యి. ముగ్గుర్నీ అడుగు.”

అడిగాను. ఆ ఇంట్లో పాపగ్రహం లేదు. అధిపతి బుధుడు ఉచ్చలో, మంచి బలంతో ఉన్నాడు. ఆయుష్షుకి కారకుడైన శని సొంతింట్లో ఉన్నాడు.

“అయితే దానికి ఏమీ కాదని చెప్పొచ్చాండీ?”

“ఆయుష్షు ఉందని చెప్పొచ్చు. ఏమీ కాదని ఏ జాతకమూ చెప్పదు. ఒంటిని చూసే లగ్నాధిపతి కూడా ఆ కుజుడే, నీచలో ఉన్నాడు, దాచను. కానీ ఒక్కడి మాట మీద నేను మంచీ అనను, చెడూ అనను.”

“మరి నేనేమని చెప్పను?”

“తప్పు లెక్కించానని చెప్పు. నీకు తెలిసింది అంతవరకే.”

గుండె తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. ఇంటికొచ్చేసరికి కాళ్ళు పీకుతున్నాయి. దాని గది తలుపు వేసే ఉంది. గడప దగ్గర కూలబడ్డాను.

“లెక్క తప్పానే. లగ్నాన్నే వదిలేశాను,” అన్నాను తలుపుతో. “ఏమీ కాదని మాత్రం చెప్పలేను. నా భయం పోలేదు, పోయేదీ కాదు. నువ్వు రేపు వెళ్ళు.”

మిషన్ ఒక అంచు కుట్టి ఆగింది, మరో అంచు కుట్టి ఆగింది. లేచి, మేకున ఉన్న హెల్మెట్ తీసి కొంగుతో దుమ్ము తుడిచాను. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. మిషన్ మళ్ళీ మొదలుకాలేదు. ఆయనా చెవి ఒగ్గినట్టున్నాడు.

“హెల్మెట్ పట్టీ వదులుగా ఉందమ్మా,” అంది అది చివరికి, లోపల్నుంచి. “కాస్త బిగించి కుట్టమని నాన్నకి చెప్పు.”