ఎడిటర్ గారి మిసెస్

"ఆ అమ్మాయి కూర్చున్నాక ఆ కుర్చీకే కళ వచ్చింది" అన్నారు మా ఆయన, నేను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. ఆయన మంత్రి అయ్యి వారమైంది. సొంత పత్రికే అయినా ఎడిటర్ పదవి వదులుకోవాల్సొచ్చి, ముప్ఫై నిండని ఒక రిపోర్టరుని అందులో కూర్చోబెట్టారు. నా మొహం మాడిపోవడం అత్తయ్య కనిపెట్టింది. ఆయన కారెక్కగానే పక్కన చేరింది. "మగాడు పైకొచ్చాక ఇలాంటివి మామూలేనమ్మా. చూసీ చూడనట్టు ఊరుకో."

అసూయ నిజమే. కానీ అత్తయ్య అనుకున్న కారణంతో కాదు. ఆ పిల్ల అందం నాకక్కర్లేదు. ఆ కుర్చీ, ఆ బల్ల, తలుపు మీద పేరు, అవి కావాలి. పంతొమ్మిదేళ్లు ఆ పత్రిక సంపాదకీయాలు రాసింది నేను. వంటింటి గట్టు మీద, కుక్కర్ కూతలు లెక్కపెడుతూ, మా అమ్మాయి హోంవర్కు మధ్యలో. ఆయనకి జ్వరమొచ్చిన రోజున ఒకటి రాసిచ్చాను. జ్వరం తగ్గింది గానీ నా రాత ఆగలేదు. ఊళ్లో పగిలిన మంచినీళ్ల గొట్టాల మీద వరసగా రాసిన ఏడు సంపాదకీయాలూ ఆయన్ని అసెంబ్లీకి పంపాయి. సభల్లో జనం "మీ కలానికి ఎంత పదునండీ" అని ఆయన చేతులు పట్టుకుంటుంటే, నేను వెనకాల పూలగుత్తులు మోస్తూ నిలబడేదాన్ని. కింద నా పేరు వేస్తే ఏమవుతుందని ఒకసారి అడిగాను. "మనిద్దరం వేరా?" అన్నారు. సిగ్గులేకుండా మురిసిపోయాను.

మధ్యాహ్నం ఫోన్ చేశారు. "రేపటికి సంపాదకీయం ఒకటి రాసిపెట్టు. కొత్త మంత్రి మీద జనం ఎన్ని ఆశలు పెట్టుకున్నారో, అలాంటిది. ఆ అమ్మాయికి ఇంకా చెయ్యి తిరగలేదు. ఆమె పేరుతో వెళ్తుంది."

"ఆమె పేరుతోనా?"

"ఎవరి పేరైతే ఏముంది. నీకు అలవాటేగా."

రాశాను. గొట్టాలు ఇంకా అలాగే ఉన్నాయని, అప్పుడు అడిగిన మనిషే ఇప్పుడు జవాబు చెప్పాలని రాశాను. కాగితాలు సంచిలో పెట్టుకుని బస్సెక్కి ఆఫీసుకి వెళ్లాను.

ఆ పిల్ల లేచి నిలబడి, నేనిచ్చిన కాగితాలు చదివింది. రెండో పేజీలో ఆగిపోయింది. "ఇలా రాసేది సారేననుకున్నాను మేడమ్. కాలేజీలో ఉన్నప్పుడు ఇవన్నీ కత్తిరించి దాచుకునేదాన్ని."

సంతోషమూ మంటా ఒకేసారి వచ్చాయి. "కింద నా పేరు వెయ్యి" అన్నాను.

"సార్‌ని అడగాలి మేడమ్."

"సార్ మంత్రి. ఈ పత్రికకి ఎడిటర్‌వి నువ్వు."

ఫోన్ వైపు చాలాసేపు చూసింది. తియ్యలేదు. పెన్ను తీసి, మొహమాటపడుతూ, "మీ పేరు...?" అంది.

ఇన్నేళ్లూ ఆ ఆఫీసులో అందరికీ నేను ఎడిటర్ గారి మిసెస్‌నే. ఆ కుర్చీ మీద ఆశ నాకింకా పోలేదు. అయినా ఎదురుగా ఉన్న స్టూలు లాక్కుని కూర్చుని, ఒక్క అక్షరం తప్పు పోకుండా నా పేరు నిదానంగా చెప్పాను.