పది నలభైకి నొక్కిన చెయ్యి

"మీటలు నొక్కడమే కదా, అదీ ఒక పనేనా?" అంది అత్తగారు, వంటగది గడప మీద నిలబడి. కోడలు ఒక చేత్తో పాలు పొంగకుండా చూసుకుంటూ, రెండో చేత్తో గట్టు మీద పెట్టుకున్న లాప్‌టాప్‌లో నలభై మూడో నంబరు దుకాణానికి కొత్త సాఫ్ట్‌వేర్ పంపుతోంది. టైము ఆరు కూడా కాలేదు. "అవునత్తయ్యా, నొక్కడమే," అని పాలు దించింది. ఈ మాటకు ఎదురు చెప్పడం మానేసి చాలా రోజులైంది. చెప్పినా మళ్లీ మర్నాడు అదే మాట, అదే గడప మీద నుంచి.

చెప్పులూ బూట్లూ అమ్మే ఆ కంపెనీకి డెబ్బై ఒక్క దుకాణాలు. ఒక్కో దుకాణంలో మూడో నాలుగో బిల్లింగ్ కంప్యూటర్లు. వాటిలో ఏ ఒక్కటి ఆగినా కౌంటర్ ముందు జనం పేరుకుపోతారు, కూర్చున్న ఆడపిల్ల మీద అరుస్తారు. అందుకే ఆమె ఏ మార్పునైనా ముందు రెండు చిన్న దుకాణాల్లో పెట్టి, ఒక రోజంతా కనిపెట్టుకుని ఉండి, బిల్లు సరిగ్గా వస్తోందా, పెట్టె మీది గీతల్ని మిషన్ చదువుతోందా అని అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే ఐదేసి దుకాణాలకు పంపేది. అదీ పదింటికి షట్టర్లు లేవకముందే. ఆరేళ్లలో ఒక్క దుకాణమూ ఆమె వల్ల ఆగలేదు. ఏదీ జరక్కుండా చూసుకోవడమే ఆ పని కాబట్టి, ఆ పని జరుగుతోందని ఎవరికీ తెలిసేది కాదు. ఇల్లు ఊడ్చినట్టే. ఊడ్చకపోతే తప్ప ఊడ్చేవాళ్లున్నారని గుర్తు రాదు.

ఆ కంపెనీలో ముందు చేరింది ఆమె. భర్త రెండేళ్ల తర్వాత వచ్చాడు. దుకాణాల జాబితా ఎక్కడుంటుందో, పాత మిషన్లు ఏవో, కొత్తవి ఏవో అన్నీ ఆమే కూర్చోబెట్టి చెప్పింది. ఏడాది తిరగకుండా హెడ్ కుర్చీ ఖాళీ అయింది. "ఇంటి బాధ్యతలున్న మనిషి కదమ్మా, నీకెలాగూ ఆయనుండనే ఉన్నాడు," అని యజమాని అతన్ని అందులో కూర్చోబెట్టాడు. ఇద్దరికీ ఒకే ఇల్లు కదా, ఆ బాధ్యతలు ఆయనకే ఎలా వచ్చాయి అని ఆమె అడగలేదు. ఆ రోజు ఇంట్లో బంధువులకు వడ్డించే పనిలో ఉంది. కొత్త హెడ్ గారికి అభినందనలు చెప్పడానికి పదిహేను మంది వచ్చారు మరి. పాస్‌వర్డ్ సంగతి కూడా అప్పుడే. "మొగుడూ పెళ్లాల మధ్య దాపరికాలేంటి?" అని నవ్వుతూ అడిగాడు. ఆమె కూడా నవ్వుతూనే చెప్పింది. అతనిది ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

బడులు తెరిచే వారంలో ఒక రోజు ఆమె సగం పూట సెలవు పెట్టింది, అత్తగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లడానికి. కొడుకు తీసుకెళ్లొచ్చుగా అని ఎవరూ అనుకోరు, అతనిది ఉద్యోగం. ముందు రోజు సాయంత్రమే అతనితో గట్టిగా చెప్పింది. "ఈ కొత్తది మిషన్లలోకి ఎక్కుతూ మధ్యలో ఆగిపోతోంది. నేను కారణం పట్టుకునేదాకా ఎవరికీ పంపొద్దు. ఒక్క వారం." అతను ఫోన్‌లోంచి తలెత్తకుండా "ఊఁ" అన్నాడు.

ఆసుపత్రిలో అత్తగారి కళ్లలో చుక్కలు వేసి, అరగంట కళ్లు మూసుకుని ఉండమన్నారు. ఆమె పక్కనే కూర్చుని ఆవిడ సంచి ఒళ్లో పెట్టుకుంది. పది నలభై ఐదుకి మొదటి ఫోన్. ఇరవై ఆరో దుకాణం నుంచి. అక్కడ బిల్లులు వేసే ఆవిడ యాభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, గొంతులో ఎప్పుడూ ఒక నవ్వు. ఒకర్నొకరు ఎప్పుడూ చూసుకోలేదు. ఆమెకు ఈవిడ "ఇరవై ఆరో అక్క", ఈవిడకు ఆమె "కంప్యూటరమ్మ".

"కంప్యూటరమ్మా, ఏదో గీత సగం దాకా పాకి ఆగిపోయింది. నాలుగు మిషన్లూ అంతే. బడులు తెరిచే వారం కదా, పిల్లల్ని వేసుకుని తల్లులందరూ వచ్చారు. ఒకాయన బూట్ల పెట్టె నా మొహాన కొట్టాడమ్మా." ఆ గొంతులో ఇవాళ నవ్వు లేదు.

ఆమె సంచి పక్కన పెట్టి లేచింది. "అక్కా, కంగారు పడకు. ఆ మిషన్ ఆపెయ్. ఆపి, నేను చెప్పే మీట నొక్కి పట్టుకుని మళ్లీ వెలిగించు. రెండు వరసలు కనిపిస్తాయి. కింది వరస ఎంచుకో. పాతది వచ్చేస్తుంది." చెబుతుండగానే ఇంకో ఫోన్, ఇంకోటి. పదకొండో దుకాణం, ముప్పై ఎనిమిది, అరవై. ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని అందరికీ అదే మాట చెప్పింది, వేలితో గోడ మీద నంబర్లు రాసుకుంటూ. కళ్లు మూసుకునే అత్తగారు అంది, "నన్ను చూపించడానికొచ్చావా, కబుర్లు చెప్పుకోవడానికొచ్చావా?"

సాయంత్రానికి యాభై తొమ్మిది దుకాణాలు లేచాయి. పన్నెండు లేవలేదు. ఆమె గొంతు బొంగురుపోయింది. ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతుంటే భర్త వచ్చాడు. వస్తూనే చొక్కా కూడా విప్పకుండా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ ఇంట్లో అతను ఆమెకు ఎదురుగా కూర్చోవడమే అరుదు.

"రేపు పదింటికి యజమాని పిలిచారు. ఇద్దర్నీ. ఎవరు పంపారో రికార్డులో పడింది. నీ పేరుంది."

"నేను ఆసుపత్రిలో ఉన్నాను."

"అది నీకూ నాకూ తెలుసు." ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "పొద్దున ఆయన ఫోన్ చేసి, అన్ని దుకాణాలకూ ఒకేసారి ఎందుకు పెట్టలేం అని అడిగారు. పెడతామన్నాను. నువ్వు ఊరికే భయపడుతున్నావనుకున్నాను. సరే, అయిందేదో అయింది. నువ్వు పొరపాటైందను. ఆడవాళ్లు తప్పు చేస్తే ఒక మాటని వదిలేస్తారు. నేను చేశానంటే ఊడబీకుతారు. నీ ఉద్యోగం పోయినా ఇల్లు గడుస్తుంది, నాది పోతే?"

కత్తి ఆగిపోయింది. ఆమెకు అప్పుడు తట్టింది, అన్నిటికంటే ఆలస్యంగా, అన్నిటికంటే తేలికైన సంగతి. దుకాణాలకు పంపే అధికారం అతని పేరుకూ ఉంది. హెడ్ కదా, అతనికే ముందుంది. తన పేరుతో లోపలికి వెళ్లి తన మీట తను నొక్కొచ్చు. అలా చేయలేదు. తన గదిలో కూర్చుని, తన పేరుతో తెరిచి ఉన్నది మూసి, ఆమె పేరు టైప్ చేసి, ఆమె పాస్‌వర్డ్ కొట్టి, అప్పుడు నొక్కాడు. అంటే భయం లేక కాదు. ఆమె చెప్పింది విన్నాడు, నమ్మాడు కూడా. ఆగిపోతే ఎవరి నెత్తిన పడాలో ముందే చూసుకుని నొక్కాడు. పోతే ఆమెది, నెగ్గితే అతనిది. ఆరేళ్లుగా పక్కన పడుకుంటున్న మనిషి పది నలభైకి, ఒక చెయ్యి కీబోర్డు మీద పెట్టి, అంత లెక్క వేసుకున్నాడు. ఇన్నాళ్లూ ఇతను తెలివితక్కువ వాడనుకుని సర్దుకుపోయింది. కాదు, బాగా తెలివైనవాడు. ఆ తెలివంతా ఆమె మీదే వాడుతున్నాడు.

"అత్తయ్యా," అని పిలిచింది. "పొద్దున ఆ వేళకి నేనెక్కడున్నానో మీరు చెప్పండి."

అత్తగారు మంచం మీద నుంచి కదల్లేదు. "నాకేం తెలుసే? కళ్లలో చుక్కలేశారు, మూసుకోమన్నారు. నువ్వు పక్కనున్నావో ఊరంతా తిరిగొచ్చావో నాకేం కనపడింది?"

మర్నాడు యజమాని గదిలో చలిగా ఉంది. ఆయన ముందు భర్త రాసిచ్చిన రిపోర్టు. రెండు కారణాలు రాశాడు. ఒకటి, తన సెక్షన్‌లోని ఉద్యోగిని తొందరపాటు. రెండు, పన్నెండు దుకాణాల్లో బిల్లింగ్ ఆడవాళ్లు పని జరుగుతుండగా మిషన్లు ఆపేయడం. వాళ్లందరికీ మెమోలు ఇవ్వాలని కింద సిఫారసు. మిషన్ ఆపమని ఫోన్‌లో చెప్పింది తనే కదా అని ఆమెకు ఒళ్లు మండింది.

"సార్, నిన్న ఆ వేళకి నేను సెలవులో ఉన్నాను. కంటి ఆసుపత్రిలో ఉన్నాను. సెలవు చీటీ మీద సంతకం పెట్టింది ఈయనే. నా పాస్‌వర్డ్ ఈయనకు తెలుసు. పంపింది ఈయన."

యజమాని అతని వైపు చూశాడు. అతను ఏమాత్రం తొణకలేదు. పైగా ఆమె వైపు చూసి జాలిగా నవ్వాడు. "సెలవు పెట్టినా ఊరుకోదు సార్. వంటింట్లోంచి కూడా లాప్‌టాప్‌లో పంపుతూనే ఉంటుంది. మా అమ్మనడగండి. ఎన్నిసార్లు చెప్పాను, కాస్త విశ్రాంతి తీసుకోమని."

ఆమె నోరు పెగల్లేదు. పాల గిన్నె పక్కన పెట్టుకుని చేసిన పనంతా, ఎవరూ ఆదేశించకుండా, ఎవరూ మెచ్చుకోకుండా చేసిందంతా, ఆ ఒక్క మాటతో ఆమె మెడకే చుట్టాడు.

యజమాని నవ్వాడు. "అంత శ్రద్ధ పనికిరాదమ్మా. చూడూ, మొగుడూ పెళ్లాల గొడవ మీరూ మీరూ ఇంట్లో చూసుకోండి. రికార్డులో పేరు నీది, అది చాలు నాకు. ఒక క్షమాపణ రాసివ్వు. మధ్యాహ్నానికి ఆ పన్నెండు దుకాణాలూ లేవాలి. అది నీకే తెలుసటగా."

ఆమె తన కుర్చీలోకొచ్చి కూర్చుంది. కూర్చుని పన్నెండింటినీ లేపింది. అక్కడ నిలబడ్డవాళ్ల తప్పేం లేదు కాబట్టి లేపింది. ఆఖరిది లేచేసరికి ఒంటిగంట దాటింది. అప్పుడే ఇరవై ఆరో అక్క ఫోన్ చేసింది. వాళ్ల దుకాణం నిన్ననే లేచింది, అయినా మేనేజర్ మెమో పుట్టించాడు. "నా తప్పేనని సంతకం పెట్టమంటున్నాడమ్మా. పెట్టకపోతే రేపట్నుంచి రావద్దట. నువ్వు ఆపమంటేనే ఆపానని చెప్పాను. కంప్యూటరమ్మ ఎవరని అడిగాడు. నాకు నీ పేరు తెలియదు కదా."

పేరు చెప్పి ఫోన్ పెట్టేసింది. క్షమాపణ రాయమని తెచ్చిచ్చిన కాగితాన్ని కాసేపు చూసింది. తర్వాత దాన్ని పక్కకు జరిపి, కౌంటర్లకు సమాచారం పంపే కిటికీ తెరిచింది. సెలవు రోజులూ, దుకాణం వేళల మార్పులూ పంపేది అందులోంచే. అది బిల్లు పని ఆపదు, తెర మీద ఒక మూల కనిపిస్తుంది, చదివి మూసేదాకా పోదు. ఇన్నేళ్లూ అందులోంచి వెళ్లిన ప్రతి మాట కిందా హెడ్ పేరే ఉండేది. రాసేది ఆమె.

ఇలా రాసింది: "నిన్న పది నలభైకి బిల్లింగ్ మిషన్లు ఆగిపోయింది మీ వల్ల కాదు. పూర్తిగా పరీక్షించని సాఫ్ట్‌వేర్‌ను, వద్దని చెప్పినా వినకుండా, మన సెక్షన్ హెడ్ నా పేరు వాడి పంపారు. మిషన్ ఆపమని చెప్పింది నేను. ఆపడమే సరైన పని. తప్పు మీదని రాసిన ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి." కింద తన పేరు రాసింది. రెండు వందల నలభై ఎనిమిది తెరలకూ ఒకేసారి పంపింది.

రెండు నిమిషాలు పట్టలేదు, అతను గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. "పిచ్చెక్కిందా నీకు? వెనక్కి తియ్!"

"పోయినవి వెనక్కి రావు. మీకు ఆ సంగతి నేర్పింది నేనే."

చుట్టుపక్కల కుర్చీల్లో టైపింగ్ చప్పుళ్లు ఆగిపోయాయి. అతను గొంతు తగ్గించాడు. "నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టావ్. పరాయివాళ్ల కోసం. బిల్లులు కొట్టేవాళ్ల కోసం."

ఆమె బల్ల మీది ఫోన్ మోగింది. యజమాని. ఇద్దర్నీ పైకి రమ్మన్నాడు. ఆమె లేచింది. అతను పక్కనే నడుస్తూ పళ్ల బిగువున అన్నాడు, "నేను మాట్లాడతాను. ఒంట్లో బాగోలేదని చెప్తాను. నువ్వు తల దించుకుని నిలబడు చాలు."

"మీరు మాట్లాడేది మీ గురించి మాట్లాడుకోండి. నా సంగతి నేను చెప్పుకుంటాను. పంపేటప్పుడు ఏ కంప్యూటర్ వాడారో కూడా రికార్డులో ఉంటుంది. పేరు ఒక్కటే చూశారు మీరు. అది మీ గదిలోదే. పొద్దున నా నోరు పెగల్లేదు గానీ, ఇప్పుడు బాగానే ఉంది."

అతను మెట్ల దగ్గర ఆగిపోయాడు. మొదటిసారి అతని కళ్లలో భయం కనబడింది. ఆ వెంటనే, అలవాటు కొద్దీ, అది కోపమైంది.

"సాయంత్రం ఇంటికొస్తావుగా. అప్పుడు చెప్తాను నీ పని."

ఆమె మూడో మెట్టు మీద ఆగి వెనక్కి చూసింది.

"రాను," అంది.

ఆ మాట బయటికొచ్చేదాకా ఆ సంగతి ఆమెకూ తెలియదు. చెప్పాక, మిగిలిన మెట్లు ఎక్కింది.