అదగాలా సమాధి ఎటు నడిచింది

పొద్దున్నే టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి, మిదేవా నారతాడు పట్టుకుని వాకిట్లోకి వస్తుంది. గడప దగ్గర నుంచి మొగుడి సమాధి దాకా కొలిచి, రాత్రికి రాత్రి ఎంత జరిగాడో చూసుకుంటుంది. ఒకనాడు నాలుగు వేళ్ళు, ఒకనాడు జానెడు. వాన పడితే ఇంకాస్త ఎక్కువ. తర్వాత టీ తాగి, కాగితాలున్న ప్లాస్టిక్ సంచీ చంకన పెట్టుకుని, కోర్టున్న ఊరికి మటాటూ వ్యాను ఎక్కుతుంది.

"మీ ఆయన ఎందాకా వచ్చాడమ్మా?" అని డ్రైవరు అడుగుతాడు, మీ వైపు వానలెలా ఉన్నాయని అడిగినట్టే.

"అరటి పిలకలు దాటాడు. ఇక చిలగడదుంపల మడి మీద పడతాడు. ఆ దుంపలు ముందే తవ్వుకోవాలి."

ఆ మరాగోలీ ఊళ్ళలో ఆస్తి కాగితాలు తేలని మనిషి సమాధి ఒకచోట కుదురుగా ఉండకపోవడం ఎవరికీ వింత కాదు. రోడ్డవతలి ముసలాయన ఏడేళ్ళు తిరిగాడు. ఒకసారి చర్చి మెట్ల దాకా వెళ్ళి వచ్చాడు కూడా. కొడుకులు రాజీపడ్డాక గాని ఆగలేదు.

అదగాలా వీలునామా రాయకుండా పోయాడు. అతని పేర ఉన్నది అరెకరం. కోర్టు కాగితం ఇస్తేగాని అది మిదేవాది కాదు. ఇద్దరూ ఆడపిల్లలే, ఇంకా బళ్ళో చదువుకుంటున్నారు. మగబిడ్డ లేని ఇంటి నేల తమ్ముడికే చెందుతుందని మరిది కిదాకే చావింట్లోనే అన్నాడు, శవం ఇంకా ఇంట్లో ఉండగానే. ఈ అరెకరం పోతే తల్లీపిల్లలు ముగ్గురూ రోడ్డు మీదే. వకీలుని పెట్టుకునే స్తోమత లేదు కాబట్టి మిదేవా తనే కాలికి బలపం కట్టుకుని తిరుగుతోంది.

కోర్టు గుమాస్తా చెడ్డమనిషి కాదు, విసిగిపోయిన మనిషి. "ఈ ఫారం కాదమ్మా, ఆ పక్కది," అంటుంది. పక్కది తెస్తే, "దీనికి ఇద్దరు పూచీదారులు సంతకం పెట్టాలి," అంటుంది. వాళ్ళని తెస్తే ఆవిడ భోజనానికి వెళ్ళిపోయి ఉంటుంది. అన్నిటికంటే ముందు కావలసింది చీఫ్ ఉత్తరం. చనిపోయిన మనిషికి ఎవరెవరు మిగిలారో ఆ ఊరి సర్కారు అధికారి, అసిస్టెంట్ చీఫ్, పేర్లు రాసి ముద్ర వెయ్యాలి. ఆ ఉత్తరం మిదేవా మొదట్లోనే రాయించుకుంది.

"భార్య, ఇద్దరు కూతుళ్ళు," అని రాసి చీఫ్ తలెత్తాడు. "ఇంకెవరూ లేరుగా?"

"లేరు."

ఆ మర్నాడే సమాధి మొదటిసారి కదిలింది. ఈ రెంటికీ సంబంధం ఉందని మిదేవాకి తట్టలేదు. తట్టినా ఒప్పుకునేది కాదు.

ఇంకొకరు ఉన్నారు. పెళ్ళయిన రెండో ఏడు అదగాలా ఐదేళ్ళ పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "తల్లి పోయింది. నా పిల్లే," అన్నాడు, అంతకంటే ఏమీ చెప్పలేదు. మిదేవా కూడా ఏమీ అడగలేదు. పిల్లకి వంటపాకలో చాప పరిచింది. బడికి పంపలేదు. ఇప్పుడు మినాయోకి ఇరవై నాలుగేళ్ళు. ఆవుల్ని చూసేది ఆవిడే, జిగురాకు కూర వండేది ఆవిడే, నీళ్ళు మోసేది ఆవిడే. మిదేవాని "అమ్మగారూ" అంటుంది. చూసి చూసి ఊరు కూడా ఆ పిల్ల పనిమనిషేననుకుంది. కన్నబిడ్డల చేత ఒక్క చెంబైనా మోయించని మనిషి ఈ పిల్లని ఎలా చూసిందో చెప్పడానికి ఎవరికైనా సిగ్గేస్తుంది. మిదేవాకి మాత్రం అలవాటైపోయింది.

మడిలో దుంపలు తవ్వుతుండగా కిదాకే వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"అన్నయ్య నా చేను వైపే వస్తున్నాడు చూశావా వదినా? కోర్టు చెప్పకముందే ఆయనే తీర్పు చెప్పేస్తున్నాడు."

"దారిలో నీ చేను ఒక్కటే ఉందా?"

"ఇంకేముంది, నీ వంటపాక." కిదాకే నవ్వాడు. నవ్వి, గొంతు తగ్గించాడు. "ఉత్తరంలో మినాయో పేరు లేదటగా. ఇంకో నాలుగు రోజుల్లో ఆ పేర్లు గెజిట్‌లో పడతాయి. ముప్పై రోజుల్లో ఎవరైనా అడ్డు చెప్పొచ్చు. బిడ్డని దాచావని నేనొక్క ముక్క రాసిస్తే జడ్జి నీ కాగితాలు నీ మొహాన కొడతాడు. సగం నా పేర రాయి. నోరు కుట్టేసుకుంటా."

"దాని గురించి ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా అడిగావా?"

"అడగలేదు. ఇప్పుడు పనికొచ్చింది."

మిదేవాకి కక్కలేక మింగలేక అయింది. కిదాకే వెళ్ళాక సమాధి తల ఎటుందో తాడు వేసి చూసింది. నేరుగా వంటపాక తలుపుకే. ఆ సాయంత్రమే, "పాకలో చెదలు పట్టింది, నువ్వు గాదె గదిలో పడుకో," అని మినాయోని పెరటి ఆ చివరకి పంపింది.

"చెదలెక్కడున్నాయి అమ్మగారూ?"

"ఉన్నాయంటే ఉన్నాయి."

మినాయో చాప చుట్టుకుని వెళ్ళింది. తెల్లారి చూస్తే సమాధి తల గాదె వైపు తిరిగి ఉంది. ఒక్క రాత్రిలో బారెడు నడిచింది. దాని వెనకాల దుంపల మడి దున్నేసినట్టుంది. మిదేవా ఆ తడి మట్టిలో చతికిలబడి ఏడ్చింది. మొగుడు పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. బతికున్నప్పుడు ఆ పిల్ల సంగతి ఒక్కసారి కూడా నన్ను అడగనివాడివి, ఇప్పుడా నీకు గుర్తొచ్చింది అని సమాధిని తిట్టింది.

గుమాస్తా మళ్ళీ ఒక కాగితం అడిగింది. ఆ నేల మీద ఏ ఇల్లు ఎక్కడుందో, ఏ ఇంట్లో ఎవరుంటారో, సమాధి ఎక్కడుందో అసిస్టెంట్ చీఫ్ పటం గీసివ్వాలి. చీఫ్ వచ్చేసరికి అదగాలా గాదె గది గుమ్మానికి తల ఆనించి పడుకుని ఉన్నాడు. కిదాకే కూడా వచ్చి కంచె పట్టుకుని నిలబడ్డాడు.

చీఫ్ పెద్దిల్లు గీశాడు, వంటపాక గీశాడు, సమాధి గీశాడు. ఆ ఊళ్ళలో మగవాణ్ణి పూడ్చేది తన వాళ్ళ గుమ్మం ముందే. ఆయన పెన్ను గాదె గది మీద ఆగింది.

"ఎవరి గుమ్మం ఇది?"

"గాదె," అంది మిదేవా.

తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. మినాయో బయటికి వచ్చి, తండ్రిని తొక్కకుండా ఒళ్ళు ఒదిగించుకుని పక్క నుంచి దాటింది.

"పేరు?" అన్నాడు చీఫ్.

"మినాయో."

"మినాయో, తర్వాత?"

మినాయో మిదేవా వైపు చూసింది. ఆ తర్వాతి మాట ఆ పిల్లకి ఎవరూ ఇవ్వలేదు.

"మినాయో అదగాలా," అంది మిదేవా. "పెద్ద కూతురు. ఉత్తరం మళ్ళీ రాయండి."

కంచె దగ్గర కిదాకే మొహం మాడిపోయింది. అతని నోరు మూయించడానికే అన్నానని మిదేవా తనకి తాను చెప్పుకుంది. అందులో నిజం సగమే. మిగతా సగం ఏమిటో చూసుకునే ధైర్యం ఆవిడకి లేదు.

కొత్త ఉత్తరంతో ఫారాలన్నీ మళ్ళీ మొదటి నుంచి నడిచాయి. గెజిట్‌లో ముప్పై రోజులు గడిచాయి. కిదాకేకి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. వాటాలు తేల్చే రోజున, లోపలికి పిలిచే ముందు, పెద్దవాళ్ళైన వారసులందరూ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాలంది గుమాస్తా. మిదేవా, మినాయో కోర్టు వరండాలో బల్ల మీద కూర్చున్నారు.

"నాకు చదవడం రాదు కదా. చదివి పెట్టండి అమ్మగారూ," అంది మినాయో.

మిదేవా చదివింది. 'మినాయో అదగాలా, మృతుని కుమార్తె' అనే చోట గబగబా దాటేసింది.

"ఆ ముక్క ఇంకోసారి చదవండి."

చదివింది. మూడోసారి కూడా చదివించుకుని మినాయో తలాడించింది.

"మీ వాటాకి నేను అడ్డు రాను. కిదాకేకి ఒక్క గజం వెళ్ళదు. ముగ్గురు కూతుళ్ళలో ఒకదాన్ని, నాది మూడో వంతు. అది గాదె వైపు రాయించండి. మధ్యలో కంచె వేసుకుంటాను."

మిదేవా కాగితం ఒళ్ళోకి దించింది. "గాదె వైపంటే... ఆయన అక్కడే ఉన్నాడు. ఆయన పక్క చోటు నాది మినాయో. రేపు నేను పోతే నన్ను పెట్టాల్సింది అక్కడే."

"నేను పిలవలేదు అమ్మగారూ. ఆయనే నా గుమ్మంలోకి వచ్చాడు."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బతిమాలుకోవడానికైనా దారి ఉండేది. గుమాస్తా సిరా డబ్బా తెచ్చి పెట్టింది. మినాయో బొటనవేలు అద్ది కాగితం మీద గట్టిగా నొక్కింది, జరగకుండా. మిదేవా దాని కింద తన సంతకం పెట్టింది. పిల్లలకి నేల దక్కింది.

"ఆ రోజు వస్తే నన్ను లోపలికి రానిస్తావా?" అని అడిగింది మిదేవా.

మినాయో వేలు గోడకి తుడుచుకుంటూ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, ఆటపట్టించడానికి కాదు.

"తెలీదు అమ్మగారూ," అంది. "అప్పుడు మీ పిల్లల్ని వచ్చి నన్ను అడగమనండి."