పక్కనుండి అందించే మనిషి

సార్ రాసిస్తారు, మేడం చదువుతుంది అని మా కాలేజీలో అందరికీ తెలుసు. ఆఫీసు గుమాస్తాకు తెలుసు, క్యాంటీన్ యజమానికి తెలుసు, నా క్లాసులో కూర్చునే పిల్లలకు మరీ బాగా తెలుసు. సార్ అంటే మా ఆయన, రసాయనశాస్త్ర శాఖాధిపతి. మేడం అంటే నేను. చదవడం అంటే, చరిత్ర, వాణిజ్యం, సాహిత్యం తీసుకున్న పిల్లలకు కొంత జీవశాస్త్రం, కొంత రసాయనశాస్త్రం తప్పనిసరి అని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు వాళ్లకోసం తయారైన పాఠాలు చెప్పడం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆధారం లేనిదే దేన్నీ నమ్మవద్దని పిల్లలకు చెప్పిన మనిషిని నేను. ఏ ఆధారమూ లేకుండా ఇంతమంది ఇంత నిశ్చింతగా నమ్మిన సంగతి మరొకటి నా ఎరుకలో లేదు.

ఆ నమ్మకం ఎలా పుట్టిందో నాకు తెలుసు. మొదటి సంవత్సరం పాఠాలు కాగితాల మీద చేత్తో రాసుకుని, పిల్లలకు పంచడానికి రసాయనశాస్త్ర శాఖలో ఉన్న టైపిస్టుకు ఇచ్చాను. అతను అలవాటు ప్రకారం ప్రతి పేజీ కింద శాఖాధిపతి పేరు కొట్టి పెట్టాడు. ఆ మిషన్ మీద అప్పటిదాకా ఇంకెవరి పేరూ పడలేదు మరి. నేను వెళ్లి అడిగితే, "సార్ పేరు లేకపోతే కాగితం బోసిగా ఉంటుంది మేడం" అన్నాడు. ఇంట్లో ఆ మాట చెబితే మా ఆయన నవ్వారు. "ఇంటిపేరు ఒకటేగా. ఏ పేరైతే ఏం, అది కూడా ఆర్ట్స్ పిల్లల కాగితాలకి" అన్నారు. అప్పుడు మా అమ్మాయికి జ్వరం. కాగితాలకన్నా థర్మామీటరు ముఖ్యమనిపించింది. మరుసటి ఏడాది అదే పేరుతో అవే కాగితాలు మళ్లీ అచ్చయ్యాయి. ఆ తర్వాత అది అలవాటైంది.

ఆ క్లాసు కావాలని ఎవరూ అడగలేదు. స్టాఫ్ మీటింగులో అందరూ తలలు దించుకుని పెన్నులు చూసుకుంటుంటే ప్రిన్సిపాల్ నావైపు తిరిగి, "మేడమైతే సరిపోతారు, ఓపిక ఎక్కువ" అన్నారు. ఓపికను అర్హతగా లెక్కించడం నాకు కొత్తేమీ కాదు. పెళ్లిచూపుల్లో మా అత్తయ్య కూడా నా డిగ్రీ గురించి అడగకుండా అదే అడిగింది. నాకు ఇచ్చిన గది సైకిల్ స్టాండు వెనక ఉండేది. అందులో కుళాయి లేదు, గ్యాసు లేదు, సింకు లేదు. సైన్సు పాఠానికి సైన్సు గది ఎందుకివ్వరని అడిగితే, "వాళ్లేమన్నా సైంటిస్టులవుతారా మేడం" అన్నారు. అందుకని నా ప్రయోగశాలను నేనే మోసుకెళ్లేదాన్ని. నిమ్మకాయలు, ఉప్పు, చక్కెర, తినే సోడా, వెనిగరు, రెండు స్టీలు గిన్నెలు, ఒక సీసాడు నీళ్లు. పొద్దున్న వంట చేస్తూనే పాఠం అల్లుకునేదాన్ని. పప్పు పొంగుతుంటే ఏం జరుగుతోందో, ఉల్లిపాయ కోస్తే కళ్లెందుకు మండుతాయో, కోసిన బంగాళదుంప గాలికి ఎందుకు నల్లబడుతుందో. శాస్త్రం నుంచి పారిపోయి వచ్చిన పిల్లలకు ముందు చెప్పాల్సింది సూత్రం కాదు, వాళ్లు ఇప్పటికే దానిలోనే బతుకుతున్నారన్న సంగతి. అది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. పొయ్యి ముందు నిలబడి తెలుసుకున్నాను.

మా అత్తయ్యకు నా గుడ్డు గ్లాసంటే చికాకు. కణం చుట్టూ పొర ఉంటుందనీ, కొన్నిటిని లోపలికి రానిస్తుందనీ, కొన్నిటిని రానివ్వదనీ పిల్లలకు కంటితో చూపించడానికి నేను వంటింటి గట్టుమీద గ్లాసులో వెనిగరు పోసి ముందురోజే గుడ్డు నానేసేదాన్ని. పెంకు బుడగలు బుడగలుగా కరిగిపోయి, లోపలి పల్చటి పొరలో గుడ్డు వణుకుతూ మిగిలేది. దాన్ని నీళ్లలో వేస్తే ఉబ్బేది, చక్కెర పాకంలో వేస్తే ముడుచుకునేది.

"ఈ ఇంట్లో మనుషులకి తీరిగ్గా స్నానం లేదు గానీ గుడ్లకి మాత్రం ఉంది" అనేది అత్తయ్య.

"అది పాఠం అత్తయ్యా."

"పాఠమా. తినే వస్తువుని బట్టలు విప్పి నిలబెట్టడం పాఠమా. ఏమో తల్లీ, మా వాడు ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నాడు, ఏనాడూ గుడ్డు ముట్టుకోలేదు."

ఆ మాట ఆమె నన్ను దెప్పడానికే అంది. అయినా అది పరిశీలనే, సరైన పరిశీలన.

ఒకసారి ఆమ్లాలూ క్షారాలూ చెబుతున్నప్పుడు, ఎప్పుడూ ప్రశ్నలతో ప్రాణం తీసే వాణిజ్యశాస్త్రం అమ్మాయి లేచి, "తటస్థం అంటే ఏ పక్షమూ కాదనా మేడం" అని అడిగింది. కాదన్నాను. ఆమ్లంలో క్షారాన్ని తగుపాళ్లలో కలిపితే రెండూ ఒకదాన్నొకటి ఖర్చు చేసుకుంటాయి, తటస్థం అనేది ఆ ఖర్చయ్యాక మిగిలేది అన్నాను. చెబుతూ చెబుతూనే నాకు ఇల్లు గుర్తొచ్చింది. అత్తయ్యకూ నాకూ మాట వచ్చినప్పుడల్లా ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని, "నేను తటస్థం, నన్ను లాగకండి" అనేవారు. ఆయన వైపు నుంచి ఏదీ ఖర్చు కాలేదు. అయినదంతా నావైపే అయింది. ఆ సాయంత్రం ఆ మాట ఆయనతో అనలేదు. పాఠంలో ఒక వాక్యంగా రాసుకున్నాను. టైపిస్టు దాని కింద కూడా ఆయన పేరే కొట్టాడు.

అలా ఏళ్లు గడిచి మా ఇద్దరి రిటైర్మెంటూ దగ్గరపడుతున్నప్పుడు కబురొచ్చింది. ఆ పాఠాలను విశ్వవిద్యాలయం పుస్తకంగా వేసి అన్ని కాలేజీల్లోనూ పెడుతుందట. దానికి ముందు ఒక కమిటీ వచ్చి ఒక పాఠం కళ్లారా చూస్తుందట. ప్రిన్సిపాల్ ఇద్దరినీ గదికి పిలిచి మా ఆయనకు చెయ్యి అందించారు.

"కమిటీ ముందు సార్ చెబితేనే బరువుగా ఉంటుంది. మేడం గారు పక్కనుండి అందిస్తే చాలు" అన్నారు.

"పాఠాలు నావండీ" అన్నాను.

ప్రిన్సిపాల్ మా ఆయన వైపు చూశారు. ఆయన నేల చూశారు. "ఇద్దరివీ అనుకోండి" అన్నారు ప్రిన్సిపాల్ చివరికి, పెద్దమనసుతో.

ఆ రాత్రి ఆయనకు అన్నం వడ్డిస్తూ, క్లాసు నేనే చెబుతానన్నాను.

"కమిటీ ముందు నువ్వా? ఏదన్నా అడిగితే?"

"అడిగితే చెబుతాను."

"అడిగేవాళ్లు ఆర్ట్స్ పిల్లలు కాదే. అయినా నీకెందుకా తలనొప్పి. ముందుమాటలో నీ గురించి రాస్తాగా."

"ఏమని?"

"సహకరించిన నా శ్రీమతికి అని. ఇంకేం కావాలి? కాస్త నెయ్యి అందించు."

అందించాను. అందించు అన్న మాటను అప్పటిదాకా నేను సరిగా వినలేదు. పెళ్లయిన మొదటి ఉదయం తువ్వాలు అందించమన్నారు. కళ్లజోడు అందించాను, ఇస్త్రీ చొక్కా అందించాను, ఆయన స్నేహితులకు కాఫీలు అందించాను, ఏడుస్తున్న పిల్లను ఆయన చేతికి కాదు, అత్తయ్య చేతికి అందించి కాలేజీకి పరుగెత్తాను. నా పరిశోధన ఆగిపోయినప్పుడు, నా గురువుగారు జాలిపడి, మీ ఆయనకు పరీక్షనాళికలు అందించినా సరే విద్య వృథా కాదమ్మా అన్నారు. ఆ రోజు దాన్ని ఓదార్పు అనుకున్నాను. అందించే మనిషి చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. చేతి వెనక భుజం ఉంటుందనీ, భుజం పైన తల ఉంటుందనీ అందుకునేవాళ్లకు తల తిప్పి చూసే అవసరం రాదు. ఆయన చెడ్డవారు కాదు. నన్ను ఏనాడూ కొట్టలేదు, జీతం లాక్కోలేదు, నలుగురిలో నన్ను మెచ్చుకునేవారు కూడా. ఆయనకు నిజంగానే తెలియదు. తనకు తెలియదన్న సంగతి ఆయనకు ఎప్పటికీ తెలియకుండా చూసుకున్నది మాత్రం నా చేతులే. నేను అందిస్తూ ఉన్నంతకాలం ఆయన చెయ్యి ఖాళీ అని రుజువయ్యే వీలే లేదు. ఒక ప్రయోగంలో ఏ పదార్థం ఏ పని చేస్తోందో తెలియాలంటే దాన్ని ఒకసారి తీసేసి చూడాలి. ఇదీ నేను పిల్లలకు చెప్పిన పాఠమే.

"కమిటీ వచ్చిన రోజు నేనేమీ అందించను" అన్నాను.

ఆయన తలెత్తారు. "కోపమా?"

"కోపం కాదు. పాఠం మీదంటున్నారు కదా. మీరే చెప్పండి. సామాను కూడా మీరే చూసుకోండి, నేను తేను. ముందే చెబుతున్నాను."

"దానిదేముంది. అటెండరు తెస్తాడు" అని ఆయన తినడం ముగించారు.

కమిటీ వచ్చే ముందురోజు పొద్దున అత్తయ్య వంటింట్లోకి వచ్చి గట్టు చూసింది.

"అమ్మాయ్, గ్లాసు ఖాళీగా ఉందేం? రేపేగా వాళ్లొచ్చేది."

"రేపు పాఠం మీ అబ్బాయి చెబుతారు అత్తయ్యా."

ఆమె నా ముఖం కేసి చూసింది. కొడుకును పిలుస్తుందనుకున్నాను. పిలవలేదు. గ్లాసు కడిగి, తుడిచి, గట్టుమీద బోర్లించి, "కూర నేను చూస్తాలే, నువ్వు కాసేపు కూర్చో" అంది. ఆమె అలా అనడం అదే మొదటిసారి.

మర్నాడు నేను నా క్లాసులో వెనక బెంచీ మీద, ప్రశ్నల అమ్మాయి పక్కన కూర్చున్నాను. "ఇక్కడ కూర్చున్నారేం మేడం" అని ఆ అమ్మాయి గుసగుసగా అడిగింది. "పాఠం వినడానికి" అన్నాను. ప్రిన్సిపాల్ రెండుసార్లు నన్ను కళ్లతోనే బల్ల దగ్గరికి రమ్మన్నారు. నేను లేవలేదు.

ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. ద్రావణాల గాఢత, దాని సంవర్గమానం, ఆ సంవర్గమానానికి ముందు రుణ గుర్తు. బోర్డు నిండిపోయింది. అందులో తప్పేమీ లేదు. లెక్కలకు భయపడి చరిత్రలో చేరిన పిల్లలు కదలకుండా కూర్చున్నారు. అది శ్రద్ధ అని ఆయన అనుకున్నారు. కమిటీలోని తెల్లజుట్టు ఆవిడ టైపు కాగితాలు తిరగేస్తూ, "ఇందులో గుడ్డు ప్రయోగం చాలా బాగా రాశారండి. అది చూద్దామా?" అంది.

ఆయన అటెండరు వైపు చూశారు. అటెండరు ఒక ప్లేటు తెచ్చి బల్లమీద పెట్టాడు. వెనిగరు సీసా, గాజు గ్లాసు, రెండు గుడ్లు.

"క్యాంటీన్‌లో ఉడకబెట్టినవే ఉన్నాయి సార్. ఎందుకైనా మంచిదని కొట్లోంచి పచ్చిది కూడా తెచ్చా. ఎడం పక్కది పచ్చిది" అన్నాడు.

ఆయన కాగితం తిప్పి చూశారు. అందులో ఒక గుడ్డు తీసుకోండి అని మాత్రమే ఉంది. నీళ్లు లోపలికి వెళ్లి ఉబ్బాలంటే ఎలాంటి గుడ్డు కావాలో దాన్ని ఒక్కసారి నానేసిన వాళ్లకు చెప్పనక్కర్లేదని నేను రాయలేదు. ఆయన ఒక గుడ్డు చేతిలోకి తీసుకున్నారు. మళ్లీ ప్లేటులో పెట్టారు. రెండోది తీసుకున్నారు. పిల్లలు ముందుకు వంగారు. తెల్లజుట్టు ఆవిడ కళ్లజోడు సవరించుకుంది. ఆయన రెండు గుడ్లూ రెండు చేతుల్లో పట్టుకుని బెంచీల మధ్యగా నడిచి నా దగ్గరికి వచ్చారు. ఆయన గొంతు తగ్గించి అడిగినా ఆ మాట ముందున్న బోర్డుదాకా వినబడింది.

"పచ్చిదా, ఉడకబెట్టిందా?"