మంచుగోడలో పక్కమనిషి

స్నానశాల తలుపులు తీసేసరికే యాచిన్ చేతికి ముతక తొడుగు వేసుకుని, బల్ల మీద బాల్చీడు వేడినీళ్ళు కుమ్మరించి సిద్ధంగా ఉంటుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరి వీపులూ ఆవిడ చేతికి తెలుసు. ఒళ్ళు రుద్దించుకోవడానికొచ్చి ఆ బల్ల మీద బోర్లా పడుకున్నాక ఎంత గొప్పింటావిడైనా చెప్పినట్టు వినాల్సిందే. నడుం మీద ఛట్టున ఒకటి కొడితే ఇటు తిరగమని, రెండు కొడితే ఇక లేవమని.

పడుకున్నవాళ్ళు నోరు మూసుకుని పడుకుంటారా? అత్తగారి మోకాళ్ళ దగ్గర్నుంచి అల్లుడి జీతం దాకా ఆ ఆవిరిలో అన్నీ విప్పుతారు. యాచిన్ వింటుంది, ఊఁ కొడుతుంది. తన దగ్గర చెప్పడానికేం లేదు. మొగుడు గువాన్ పోయాక ఇది రెండో చలికాలం. పిల్లల్లేరు. సాయంత్రం ఇంటికెళ్ళి పుల్లక్యాబేజీ పులుసు కాచుకుని, ఒక గిన్నెలో తిని, ఆ గిన్నె కడిగి బోర్లిస్తే ఆ రోజుకి అంతే.

చలి ముదిరేసరికి కబుర్లన్నీ ఒకే దారి పడతాయి. "ఈసారి మేం ఎక్కడున్నామో తెలుసా?" అని మొదలుపెడతారు. అంటే హార్బిన్‌లో మంచుబొమ్మల పార్కు తెరిచారన్నమాట. అక్కడి కోటలూ గోపురాలూ కట్టేది సోంగ్హువా నది గడ్డకట్టాక కోసి తీసిన దిమ్మలతోనే. ఈ ఊరేమో నదికి ఎగువన ఉంది. వేసవంతా ఇక్కడ ఒడ్డున కూర్చున్నవాళ్ళ నీడలు నీళ్ళలో పడి, తాపీగా కిందికి కొట్టుకుపోయి, హార్బిన్ దగ్గర గడ్డకడతాయి. అందుకే ఏటా ఊరివాళ్ళు ఒక రోజు చూసుకుని బస్సెక్కి వెళ్ళి, ఏ గోడలో ఉన్నారో వెతుక్కుని, ఫొటో దిగి వస్తారు. కిందటేడు మాంసం కొట్టాయన జారుడుబండ అడుగున తలకిందులుగా దొరికాడు. పిల్లలందరూ ఆయన కడుపు మీంచే జారారు. ఊరు ఇంకా నవ్వుతూనే ఉంది.

ఆ కొట్టాయన పెళ్ళాం చియావ్ ఒక రోజు బల్ల మీద బోర్లా పడుకుని అంది:

"యాచినక్కా, నువ్వు కనిపించావు."

"ఎక్కడ?"

"పార్కులో. పడమటి గోపురం ఉంది చూడు, దాని వెనక గోడలో. రేవు మెట్ల మీద కూర్చునున్నావు. అబ్బ, మెల్లగా రుద్దు, తోలు ఊడొస్తోంది!"

"నీ తోలు ఊడాలంటే గొడ్డలి కావాలి. ఇంకా?"

"ఇంకా ఏముంది, నీ దగ్గరే ఇంకెవరో ఉన్నారు."

యాచిన్ చెయ్యి ఆగింది. "నా దగ్గర ఎవరూ ఉండరే."

"నాకేం తెలుసు తల్లీ! ఎండ ఎదురుగా కొట్టి మొహం ఆనలేదు. మా ఆయనేమో కాళ్ళు కొయ్యబారాయి పద పద అని ఒకటే గోల. మనిషైతే ఉన్నారు, అది మాత్రం నిజం."

మొన్న వేసవిలో యాచిన్ రోజూ సాయంత్రం రేవు మెట్ల మీదికి వెళ్ళిన మాట నిజమే. గువాన్ బతికుండగా ఇద్దరూ అక్కడే కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కునేవాళ్ళు. ఇప్పుడు ఒక్కతే కూర్చుని, చీకటి పడగానే లేచి వచ్చేసేది. పక్కన పిట్ట కూడా వాలలేదు. మరి ఆ మనిషెవరు?

ఎవరో ఆవిడకి తెలిసిపోయింది. తెలిసిపోయిందనుకుంది. పోయినవాళ్ళ నీడ నీళ్ళలో పడదని ఎవరైనా చెప్పారా? ఎవరూ చెప్పలేదు. ఆ మాట పైకి అనకుండా, పార్కుకి వెళ్ళే ఏర్పాట్లలో పడింది.

ఒక్కతే ఎలా వెళ్ళడం? పార్కుకి ఒంటరిగా ఎవరూ వెళ్ళరు. స్నానశాలలో టోకెన్లిచ్చే పిల్లని అడిగితే, "అత్తా, నేను మా ఆయనతో వెళ్ళొచ్చేశానుగా" అంది. ఆడపడుచుకి ఫోన్ చేస్తే, "ఈ చలిలో నా నడుం సంగతి నీకు తెలీదా వదినా, ఎండాకాలం రా, కబుర్లు చెప్పుకుందాం" అని పెట్టేసింది. ఎండాకాలం మంచుగోడ ఉంటుందా అని అడుగుదామనుకుంది గానీ అప్పటికే ఫోన్ మూగబోయింది.

చివరికి బస్సు నడిపే లువాన్ దగ్గరికెళ్ళింది.

"ఎంతమంది?" అన్నాడు.

"ఒక్కదాన్నే."

"ఒక్కరేనా?"

"ఎన్నిసార్లు అడిగినా ఒక్కదాన్నే."

"కోప్పడకు పెద్దక్కా. సీట్లన్నీ ఇద్దరిద్దరివి, అందుకని అడిగా. పోనీలే, నీ పక్కన మా అత్త సారె బుట్ట పెడతాను, అదీ పెద్దగా మాట్లాడదు."

ఇక బట్టలు. హార్బిన్ చలంటే మాటలా! నూలు లోబట్టలు, వాటి మీద ఉన్నివి, వాటి మీద దూది కుట్టినవి. జేబులో ఫోన్‌కి కూడా వేడిపట్టీ అంటించాలి, లేకపోతే గడపలోనే చచ్చిపోతుంది. ఇదంతా ఎవరైనా చేసేదే. యాచిన్ అక్కడితో ఆగలేదు. బజారుకెళ్ళి జుట్టుకి నల్లరంగు కొనుక్కొచ్చి, అద్దం ముందు కూర్చుని పూసుకుంది. మర్నాడు చియావ్ చూసి కళ్ళెగరేసింది.

"ఏమిటక్కా, పార్కులో పెళ్ళిచూపులా?"

"అవును, మంచు పెళ్ళికొడుకు" అంది యాచిన్. చుట్టూ ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. యాచిన్ నవ్వలేదు.

బయల్దేరిన రోజు బస్సు కిటికీలకి లోపలివైపు కూడా మంచు పూసింది. జనం జంటలు జంటలుగా ఎక్కి, ఎర్రసాసేజీలు కొరుకుతూ, ఈసారి ఎవరు ఎక్కడ దొరుకుతారో పందాలు కాశారు. యాచిన్ సారె బుట్ట మీద చెయ్యేసుకుని, గువాన్‌కి ఏం చెప్పాలో లోలోపల కూడబలుక్కుంది. నీ కోటు ఎవరికీ ఇవ్వలేదని చెప్పాలి. పొయ్యిగొట్టం బాగు చేయించానని చెప్పాలి. గుండెనొప్పి వచ్చిన రోజు నువ్వు పిలిస్తే, గిన్నెల చప్పుడులో నాకు వినపడలేదని చెప్పాలి. అది చివర్న చెప్పాలి.

పార్కు చేరేసరికి పొద్దు వాలుతోంది. తక్కినవాళ్ళు కేరింతలు కొడుతూ చెల్లాచెదురయ్యారు. యాచిన్ పడమటి గోపురం చుట్టూ తిరిగి వెనక గోడ దగ్గరికొచ్చింది. అదే నిమిషంలో లోపలి దీపాలు వెలిగాయి. గోడంతా తేనెరంగుకి తిరిగింది.

ఉంది. దిమ్మలో తనుంది. మెట్ల మీద మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చునుంది. నది ఒక్కో సాయంత్రాన్నీ ఒక్కో పొరగా పేర్చుకుంటుంది కదా, తల కాస్త వంచి చూస్తే పొర వెనక పొర లోతుగా కనిపిస్తోంది. అన్నిట్లోనూ అదే భంగిమ, అదే మొహం. తన మొహం అంత దిగులుగా ఉంటుందని యాచిన్‌కి ఆ రోజు దాకా తెలీదు.

వెనక మెట్ల మీద మనిషి ఉంది నిజమే. యాచిన్ మంచుకి ముక్కు ఆనించి చూసింది. గువాన్ కాదు. ఎవరో ఆడమనిషి. బూడిదరంగు శాలువా, సన్నటి మొహం, ఎప్పుడూ చూసిన గుర్తు లేదు. మొదటి పొరలో గట్టు మీద కటకటాల దగ్గర ఉంది. తర్వాత దాంట్లో ఒక మెట్టు దిగింది. ఆ తర్వాత ఇంకొకటి. వేసవి పొడుగునా అలా మెట్టు మెట్టూ దిగుతూనే ఉంది. అట్టడుగు పొరలో యాచిన్ వీపు వెనకే నిలబడి, భుజం తట్టబోతున్నట్టు చెయ్యి చాపింది. చెయ్యి భుజం దాకా చేరలేదు. ఆ తర్వాత నది గడ్డకట్టింది.

అన్నేళ్ళుగా ఊరి వీపులన్నీ చూసిన మనిషి, ఒక్కసారి కూడా తన వెనక్కి చూసుకోలేదు.

యాచిన్ కళ్ళలో నీళ్ళు రెప్పల మీదే గడ్డకట్టాయి. "ఆయన కాదు" అంది పైకే, గోడతో.

"కాదండీ, నేనే" అంది వెనకనుంచి ఒక గొంతు. "క్షమించండి."

తిరిగి చూస్తే బూడిదరంగు శాలువా. ముక్కు ఎర్రగా కందిపోయింది.

"మీరెవరు?"

"నా పేరు ఔయాంగ్. వసంతకాలంలో మీ ఊరొచ్చాను. మా చక్కెర మిల్లు మూసేశాక అక్కడెవరూ మిగల్లేదు. మీ ఊళ్ళో అద్దె తక్కువని..." ఆవిడ ఊపిరి తీసుకుంది. "మాంసం కొట్లో ఒకావిడ చెబుతుంటే విన్నాను, ఒళ్ళు రుద్దే అక్క పక్కన ఎవరో ఉన్నారంట అని. ఆ ఎవరో నేనేనని నాకు తెలుసు. మీరు ఇవాళ బస్సెక్కుతుంటే చూసి నేనూ ఎక్కాను. మీ వెనక సీటే."

"దారి పొడుగునా కూర్చుని నోరు విప్పలేదేం?"

"రేవులోనూ అంతేగా. రోజూ అడుగుదామనే వచ్చేదాన్ని, పక్కన కూర్చోవచ్చా అని. మీరేమో నదితో ఏదో చెప్పుకుంటున్నట్టుండేవారు. ఆ మాటయ్యాక అడుగుదాంలే అనుకునేదాన్ని. అది అయ్యేది కాదు."

యాచిన్ గోడ వైపు చూసింది, మళ్ళీ ఆవిడ వైపు చూసింది.

"మరి క్షమాపణ దేనికి?"

"మీరు ఇంకెవరి కోసమో వచ్చారు కదా. జుట్టుకి రంగు కూడా వేసుకున్నారు."

యాచిన్‌కి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, చివరికి ఒక దగ్గు బయటికొచ్చింది. దూరంగా లువాన్ బస్సు హారన్ కొడుతూ జనాన్ని పిలుస్తున్నాడు. జంటలన్నీ అటు పరుగులు తీస్తున్నాయి.

"ఆయన పిలిస్తే నాకు వినపడలేదు" అంది యాచిన్. చివర్న చెప్పాలనుకున్న మాట అది. "గిన్నెలు కడుగుతున్నాను."

ఔయాంగ్ అయ్యో అనలేదు, ఓదార్చలేదు. "ఎప్పుడు?" అని మాత్రం అడిగింది.

అది ఒక్క మాటలో తేలే సంగతి కాదు. బస్సెక్కాక యాచిన్ పక్క సీట్లో సారె బుట్ట ఎత్తి లువాన్ చేతిలో పెట్టి, కిటికీ వైపుకి జరిగి కూర్చుంది.