తువ్వాలు పరవని రోజు

నాకు అన్నిటికన్నా భయం, మా పాప ఏదైనా మింగి, నేను చూసేలోపే ఊపిరాడక పోతుందేమోనని. అది పాకడం మొదలుపెట్టినప్పటి నుంచీ నా కళ్ళు నేల మీదే.

మా ఆయనకి పాత టైపు మిషన్ల పిచ్చి. తుప్పు పట్టినవి ఎక్కడెక్కడినుంచో మోసుకొచ్చి, విప్పి, కిరసనాయిల్లో కడిగి, మళ్ళీ కొట్టేలా చేస్తారు. "నీకు గదినిండా సవతులేనే, ఒక్కదానికీ నోరు లేదు, అదృష్టవంతురాలివి" అని మా అత్తయ్య నవ్వేది.

కాగితం పెట్టే పై భాగం అటూ ఇటూ జరగడానికి దాని కింద చిన్న ఇనప గుండ్లుంటాయి, సైకిలు చక్రంలో ఉండేలాంటివి. ఆ భాగం ఊడదీసేటప్పుడు కింద తువ్వాలు పరవాలి. ఎప్పుడూ పరిచేవారు. ఆ రోజు ఆ తువ్వాలు కప్పుకుని పాప నిద్రపోతోంది. లాగితే లేస్తుందని ఊరుకున్నారట. గుండ్లు గదంతా దొర్లాయి. ఆ చప్పుడుకే పాప లేచింది. మేము ఏరుతుంటే మా మధ్యే పాకింది.

"అన్నీ దొరికాయా అండీ?"

"ఒకటి తక్కువుంది."

"సరిగ్గా చూడండి."

"చూశానే!"

పాప నోట్లో వేలు పెట్టి చూశాను. ఏమీ లేదు. దాన్ని ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాం. ఎక్స్‌రే తీశారు. "లోపల ఏమీ లేదమ్మా, ఇంటికెళ్ళి ఇల్లు వెతుక్కోండి" అన్నాడు డాక్టరు. అత్తయ్య భోరుమంది. నాకు ఏడుపూ రాలేదు, సంతోషమూ రాలేదు. ఇంటికొచ్చి వంట చేశాను. ఉప్పు వేశానో లేదో, ఎవరూ అడగలేదు.

మర్నాడు ఆ గుండు మిషన్లోనే కనబడింది, గట్టిపడిన పాత గ్రీజుకి అతుక్కుని. అసలది కింద పడనే లేదు.

అప్పటినుంచీ ఆయన పాపని ఎత్తుకోవడం లేదు. ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంటారు.

"దొరికింది కదండీ, ఇంకేంటి?"

"దొరికింది" అంటారు. అంతే.

పని నుంచి రాగానే ఆ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటారు. మిషన్లు ముట్టుకోరు, దీపం వెయ్యరు. నేను తలుపు దగ్గర పాపతో నిలబడి పిలుస్తాను, గడియ తియ్యరు. పాప పాలు తాగుతోంది, ఆడుకుంటోంది. దాని గురించి భయం అలాగే ఉంది, ఇప్పుడు ఇంకొకటి తోడైంది.

మీలో ఈ మిషన్లు బాగుచేసేవాళ్ళెవరైనా ఉంటే ఒక్కసారి మా ఇంటికి రండి. ఏదో సందేహం ఉన్నట్టు అడగండి. మీకైతే తలుపు తీస్తారేమో. మనిషి ఎలా ఉన్నారో చూసి నాకు చెప్పండి.