జెర్వే వెతికిన పసుపు బండి

అమోస్‌లోని మా ఇంటి నుంచి ఒవిలా గారి ఊరికి బయల్దేరిన రోజు నా నడుము ఎంత పట్టేసిందంటే, ట్రక్కు ఎక్కడానికి పాత పాలక్యాను బోర్లించి దాని మీద కాలు పెట్టాల్సి వచ్చింది. ఏప్రిల్ మొదటి వారం. రోడ్డు పక్కన మంచు నల్లబడి, తడిసిన అట్టముక్కల్లా ఊడి పడుతోంది. గుంత వచ్చినప్పుడల్లా వెనక ఖాళీ ట్రైలర్ దడదడలాడుతోంది. మా ఆయన జెర్వే పక్క సీట్లో కాఫీ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆయన దూరాలు నడపకూడదు. అంటే నేను నడపాలన్నమాట. మంచు మీద నడిచే పాత మోటారు బండ్ల పిచ్చి ఆయనది, స్టీరింగు నాది.

"ఇదే ఆఖరుది, పియెరెట్," అన్నాడు.

"పోయినసారీ అదే అన్నావు. ఆ ముందుసారీ అదే."

"ఈసారి నిజం."

"నా నడుముకి చెప్పు. అది నమ్ముతుందేమో చూద్దాం."

నవ్వాడు గానీ ఆ నవ్వు పెదాల దాకానే వచ్చింది.

ముప్పై ఏళ్ళుగా మా సెలవులన్నీ ఇలాగే గడిచాయి. జనం సముద్రం చూడ్డానికి వెళ్ళేవాళ్ళు. మేం ఎవరి కొట్టాంలోనో, ఎవరి చచ్చిపోయిన తాతగారి షెడ్డులోనో, గడ్డి కింద కూరుకుపోయిన మంచు బండిని చూడ్డానికి వెళ్ళేవాళ్ళం. జెర్వే బంగారు గనిలో మెకానిక్కు. వారమంతా భూమి కింద ఇంజన్లు విప్పి, శనివారం భూమి మీద ఇంకో ఇంజన్ విప్పేవాడు. మా మామగారు ఆవులు కట్టిన పాకలో ఇప్పుడు బండ్లు. సీట్లలో ఎలుకలు పిల్లల్ని పెడతాయి. ఇంట్లో ఏ టవలు తీసుకున్నా పెట్రోలు వాసనే.

మా చెల్లెలు గిలేన్ ప్రతి క్రిస్మస్‌కీ ఒకే జోకు వేసేది. "అక్కా, బావ ఆ బండ్లని కొంటున్నాడా, లేక అవే రాత్రిళ్ళు పిల్లల్ని కంటున్నాయా?"

ఆయన కొన్నవాటిలో సగానికి పైగా ఒకటే రకం. అరవై తొమ్మిదో సంవత్సరంలో వచ్చిన పసుపు రంగు బండి, సింగిల్ సిలిండర్‌ది. ఒకే బండిని మళ్ళీ మళ్ళీ కొనేవాడిని ఎక్కడా చూడలేదని పాత బండ్లు సేకరించే మిగతావాళ్ళు ఏడిపించేవాళ్ళు. వాళ్ళు బండి చూడగానే ఇంజనూ, కింద రబ్బరు పట్టా చూసేవాళ్ళు. ఈయన మాత్రం టార్చి పట్టుకుని సీటు కింద రేకు మీద కొట్టిన నంబరు చూసేవాడు. తెలిసినవాడి అలవాటనుకున్నాను. మామగారు పోయిన మరుసటి ఏడాదే ఈ పిచ్చి మొదలైంది. దాని గురించి కూడా నేనేమీ ఆలోచించలేదు. తండ్రి పోయినవాడికి ఏదో ఒక వ్యాపకం కావాలి కదా అనుకున్నాను.

ఒవిలా గారి ఇల్లు రోడ్డు చివర. ఆయనకి ఎనభై ఎనిమిదేళ్ళు. పక్క ఊళ్ళో ఉన్న కూతురు దియాన్ దగ్గరికి మకాం మార్చేస్తున్నారు, అందుకే షెడ్డు ఖాళీ చేస్తున్నారు. ఇంటర్నెట్‌లో ప్రకటన పెట్టింది దియానే. మేం దిగేసరికి ముసలాయన చెవుల టోపీ పెట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నారు.

"అమోస్ నుంచి వచ్చేది మీరేనా? ఆలస్యం చేశారు. బఠానీ సూపు చల్లారిపోయింది."

"మళ్ళీ వేడి చేస్తాలే నాన్నా," అంది దియాన్. "ముందు వాళ్ళని బండి చూసుకోనీ."

బండి షెడ్డు మూల గుడ్డ కింద ఉంది. గుడ్డ తీస్తే పసుపు రంగు వెలిసిపోయి పాత వెన్నలా ఉంది. ఇంజన్‌ని కప్పే హుడ్డు మీద ఒక పక్క చీలికకి ఎవరో శ్రద్ధగా రాగి తీగతో కుట్లు వేశారు. జెర్వే ఒక చెయ్యి సీటు మీద ఆన్చి, అబ్బా అనుకుంటూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నంబరు రేకుని బొటనవేలితో తుడిచాడు. టార్చి వేశాడు. అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది?" అన్నాను.

"కళ్ళద్దాలు ట్రక్కులో మర్చిపోయాను. నువ్వు చదువు."

అద్దాలు ఆయన మొహం మీదే ఉన్నాయి. నేనూ వంగాను, నడుము గొడవ చేస్తున్నా. "తొమ్మిది, ఒకటి, నాలుగు..." అని మొదలుపెట్టాను. తర్వాతి అంకె నా నోట్లోంచి రాకముందే ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. "సున్నా, ఆరు, ఆరు, రెండు." రేకు వైపు చూడడం లేదు. గోడ వైపు చూస్తున్నాడు. రేకు మీద అవే ఉన్నాయి. సున్నా, ఆరు, ఆరు, రెండు.

"నీకెలా తెలుసు?"

హుడ్డు ఎత్తబోయాడు. వేళ్ళు పట్టు దొరక్క జారిపోతుంటే నేనే ఎత్తాను. లోపల టార్చి తిప్పి, తిప్పి, ఆపేశాడు.

"ఇది ఆ ఇంజన్ కాదు," అన్నాడు.

"మొదటిది డెబ్బై ఆరులో పగిలిపోయింది," అన్నారు ఒవిలా గారు. "కొత్తది వేయించాను. కార్బ్యురేటరూ కొత్తదే."

"యాక్సిలరేటర్ కేబులో?"

"అన్నీ మార్చేశాను."

"పాతవి ఎక్కడ పడేశారు?"

"నలభై ఏళ్ళ కిందట పారేసిన ఇనుము సంగతి ఇప్పుడడిగితే ఎలాగయ్యా!" అని ముసలాయన నవ్వబోయి, జెర్వే మొహం చూసి ఆగిపోయారు. "లోపలికి పదండి. సూపు తాగుదాం. దియాన్, ఆయన్ని పట్టుకుని లేపు."

ఆ వంటింటి బల్ల దగ్గరే అసలు సంగతి నేను మొదటిసారి విన్నాను, నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి నోటి నుంచి.

జెర్వేకి లూసియెన్ అని ఒక అన్న ఉండేవాడని నాకు తెలుసు. డెబ్బై ఒకటి ఫిబ్రవరిలో మంచు పగిలి సరస్సులో పడి పోయాడని తెలుసు. హాల్లో ఫొటో ఉంది. ఆ ఇంట్లో అతని పేరెత్తేవాళ్ళు కాదు. మా అత్తగారు బతికినన్నాళ్ళూ ఆ సరస్సు చేప ముట్టలేదు. నాకు తెలిసింది అంతే.

"అప్పుడు నాకు పదిహేడు," అన్నాడు జెర్వే, గిన్నె వైపు చూస్తూ. "ఆ వారం బండి యాక్సిలరేటర్ కేబుల్ తెగింది. శనివారం కొత్తది తెస్తానన్నాడు నాన్న. మా అన్న శుక్రవారమే సరస్సు అవతలికి, ఒక అమ్మాయిని చూడ్డానికి వెళ్ళాలి. ఒరేయ్, నీ చేతిలో విద్య ఉంది కదా, ఏదో ఒకటి చెయ్యరా అన్నాడు. నా సైకిలు బ్రేకు తీగ పీకి బిగించాను. వాకిట్లో నొక్కి చూశాను. రెండుసార్లు బాగా వెనక్కొచ్చింది. మూడోసారి వెనక్కి రాకుండా కొంచెం పట్టేసింది. నూనె వేసి, బాగుంది పో అన్నాను."

దియాన్ గరిటె కింద పెట్టేసింది.

"నాలుగింటికి పాక గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. దారికి గుర్తుగా దేవదారు కొమ్మలు పాతి ఉన్నాయి. ఒడ్డు ముందుకొచ్చిన కొస దగ్గర తిరగాలి. వాడు తిరగలేదు. ఏరు కలిసే చోటికి తిన్నగా పోయాడు. అక్కడ మంచు ఎప్పుడూ పలచనే. కేబుల్ పట్టేసి వేగం తగ్గలేదో, దగ్గర దారని తనే వెళ్ళాడో. వాడికెప్పుడూ తొందరే. ఎవరికి తెలుసు? వారానికి బండిని గొలుసులతో లాగారు. హుడ్డు ఎత్తి చూడాలనుకున్నాను. నాకు ధైర్యం వచ్చేలోపే నాన్న అమ్మేశాడు. ఎవరికో చెప్పలేదు. ఆయన పోయాక నంబరు ఒక్కటీ బీరువాలో కాగితం మీద దొరికింది." ఒక చెంచా సూపు తాగాడు. "నాన్న లోపల చూసేశాడనుకున్నాను. నా పనితనం చూసి, నాతో ఆ మాట అనలేక, వదిలించుకున్నాడనుకున్నాను. ఆయన పోయాక కూడా అదే అనుకున్నాను."

నాకు జాలి రాలేదు, నిజం చెబుతున్నా. ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళ రోడ్లు, ఇరుకు గదులు, చలిలో నిలబడ్డ గంటలు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అక్కడ అరవలేక రొట్టెకి వెన్న రాస్తూ కూర్చున్నాను. ఎంత రాశానో చూసుకోలేదు.

బండి మీద ఒక మనిషి పోయాడని ఒవిలా గారికి ఎవరూ చెప్పలేదట. నీళ్ళలో పడింది అన్నారట, అంతే.

"బాబూ," అన్నారు. "ఆ కేబుల్ బంగారంలా ఉండేది, ఏళ్ళ తరబడి వాడాను అని చెప్పొచ్చు. నీకు ఇవాళ నిద్ర పడుతుంది. కానీ నాకు గుర్తు లేదు. ఆ రోజుల్లో నాకు ఐదుగురు పిల్లలు, అడవిలో పని. తీగ ఎలా ఉందో ఎవడు చూశాడు? ఈ వయసులో అబద్ధం చెప్పి నిన్ను పంపలేను."

"అబద్ధం చెప్పనందుకు థాంక్స్ పెద్దాయనా," అన్నాడు జెర్వే.

"ఉండు. మీ నాన్న గుర్తున్నాడు నాకు. పొడుగు మనిషి, చేతిలో టోపీ నలిపేస్తూ నిలబడ్డాడు. ఇంజన్ చూస్తానని నేను హుడ్డు మీద చెయ్యి వేశాను. నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా. 'ఎత్తకు. నేనూ ఎత్తలేదు. చూడాలని లేదు నాకు' అన్నాడు. లోపల ఏముందో చూడకుండా బండి ఎలా కొంటారయ్యా అన్నాను. 'ఇంట్లో ఇంకొకడున్నాడు. మూడింటికి బడి నుంచి వచ్చేస్తాడు. ఆలోపు తీసుకుపో' అన్నాడు. తాగి ఉన్నాడేమో అనుకున్నాను. తాగలేదు. చవగ్గా వస్తోంది కదా అని తెచ్చేసుకున్నాను."

"మూడింటికే వచ్చేవాడిని," అన్నాడు జెర్వే. అంతే. తర్వాత గిన్నె పట్టుకుని చల్లారిన సూపు మొత్తం తాగేశాడు.

తన పిల్లలంతా నడపడం నేర్చుకున్న బండే అయినా, ఊరికే తీసుకుపొమ్మన్నారు ముసలాయన. లేకపోతే దియాన్ పాత ఇనుముకి వేసేస్తుందన్నారు. నేను ట్రైలర్ తాళ్ళు విప్పడానికి లేచాను, అలవాటుగా. జెర్వే వద్దన్నాడు.

"మీ పిల్లలు నేర్చుకున్న బండి," అన్నాడు. "కుట్లు వేసింది ఎవరు?"

"మా ఆవిడ. చొక్కా కుట్టినట్టు కుట్టింది."

"అలాగైతే ఇనుముకి వెయ్యకండమ్మా," అన్నాడు దియాన్‌తో. "బాగా చూసుకునేవాడికి ఇవ్వండి. నేను పేర్లు పంపిస్తాను."

తిరుగు దారిలో గంట నడిపాక నేను ట్రక్కు రోడ్డు పక్కన ఆపి ఇంజన్ కట్టేశాను.

"నాతో ఒక్క మాట చెప్పుంటే నేను నడపనన్నానా?"

"అనేదానివి కాదు."

"మరి?"

"చెబితే నువ్వు కూడా వెతికేదానివి. దొరికితే ఏం చూస్తామోనని నువ్వూ భయపడేదానివి. ఇద్దరం ఎందుకని."

"ఎలాగూ ఇద్దరం తిరిగాం కదా, గాడిదా!"

"తిరిగాం," అన్నాడు. "అలిసిపోయాను, పియెరెట్. చాలా అలిసిపోయాను."

నాకూ కోప్పడే ఓపిక లేదు. ఇల్లింకా రెండు గంటల దూరం. సాయంత్రం ఐదయినా కాలేదు, ఎండ ఇంకా ఉంది. ఎదురుగా కలప లారీలు ఆగే చిన్న మోటెల్ కనిపిస్తే అక్కడికే తిప్పాను. గది తీసుకుని బూట్లు కూడా విప్పకుండా మంచం మీద పక్కపక్కన వాలాం. గోడ అవతల ఎవరో హాకీ మ్యాచ్ పెట్టుకున్నారు.

"లూసియెన్ ఎలా ఉండేవాడు?" అన్నాను.

"పేకాటలో మోసం చేసేవాడు," అన్నాడు. "దొరికిపోతే ముక్కలు నోట్లో పెట్టుకునేవాడు. ఒకసారి ఇస్పేటు రాణిని నమిలేశాడు."

"నమిలేశాడా?"

"మింగేశాడు కూడా. అమ్మ చీపురు పట్టుకుని పాక చుట్టూ తరిమింది." ఇంకా చెప్పబోయాడు, ఆ అమ్మాయి సంగతేదో. మాట సగంలో ఉండగానే నిద్రపట్టేసింది. నేను లేచి ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాను.

ఆ వేసవి నుంచి బండ్లు అమ్మడం మొదలుపెట్టాం. ఎవరూ ఎగబడి రావడం లేదు. కుర్రాళ్ళకి కొత్తవి కావాలి. మా వయసు వాళ్ళ పాకల్లో ఖాళీ లేదు. నెలకొకడు వస్తాడు. జెర్వే స్టూలు మీద కూర్చుని ప్రతి బండి జబ్బూ దాచకుండా చెబుతాడు. అది విని సగం మంది కొనకుండా వెళ్ళిపోతారు. నేను కాఫీ ఇస్తాను.